చెరిపినా చెరగని రెక్క



క్రిస్మస్ కార్డుల మీద పశువుల పాక ఉంటుంది, గొర్రెల కాపరులు ఉంటారు, తూర్పుదేశపు జ్ఞానులు ఉంటారు. వాళ్లు వెళ్లిపోయిన తరువాత జరిగిన సంగతి మాత్రం కార్డుల మీద అరుదుగా కనిపిస్తుంది. హేరోదు మనుషులు వచ్చేలోగా యోసేపు రాత్రివేళ లేచి, శిశువునూ తల్లినీ తీసుకొని ఐగుప్తు దారి పట్టాడు. మన రక్షకుడు ఈ లోకంలో చేసిన మొదటి ప్రయాణాలలో ఒకటి ప్రాణభయంతో చేసినది. ఈ వారం మేము చెప్పబోయేది ఆ ప్రయాణాన్ని చూపే ఒక చిన్న బొమ్మ గురించి, దానిని గీసిన మనిషి గురించి.

బొమ్మ పెద్దది కాదు. సుమారు 28 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల ఎత్తు. మన బైబిలు తెరిచి పెడితే దాని మీద పట్టేంత కాగితం. ఎడమవైపు విశాలమైన లోయ, దూరంగా కొండలు. కుడివైపు చిక్కని చెట్లు. ఆ చెట్ల కింద, వెతికితే తప్ప కనిపించనంత చిన్నగా గాడిద మీద తల్లి, బిడ్డ, పక్కన యోసేపు. ఇంకొంచెం ఓపికగా చూస్తే వాళ్ల పైన ఉన్న కొమ్మల మధ్య ఒక వింత గీతల గుంపు కనబడుతుంది. అవి ఆకులు కావు. అది ఒక రెక్క, దేవదూత రెక్క. దాని యజమాని మాత్రం బొమ్మలో ఎక్కడా లేడు.

ఆ రెక్క అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో చెప్పాలి. వీటిని ఎచింగులు అంటారు. నున్నని రాగి రేకు మీద మైనం, జిగురు కలిపిన పలుచని పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో గీస్తారు. గీసినచోట పూత పోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో పెడితే బయటపడిన రాగిని మాత్రమే అది తింటుంది. తరువాత పూత తీసేసి, ఆ సన్నని గాళ్లలో సిరా నింపి, తడిపిన కాగితం పరిచి, అచ్చుయంత్రం కింద గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది, కుడి ఎడమలు తారుమారై. ఒక్క రేకు నుంచి చాలా ప్రతులు తీయవచ్చు. గీసినదానిని మార్చాలంటే మాత్రం చాలా కష్టం. లోహాన్ని కత్తితో గీకి, ఇనుప పనిముట్టుతో రుద్ది రుద్ది నునుపు చేయాలి. ఎంత రుద్దినా లోతుగా పడిన గీత ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది.

ఈ రాగి రేకును మొదట గీసినవాడు హెర్క్యులీజ్ సేగర్స్ అనే డచ్చి చిత్రకారుడు. 1590 ప్రాంతంలో పుట్టాడు. రంగు కాగితాల మీద, బట్టల మీద, రంగు సిరాలతో బొమ్మలు అచ్చువేయాలని ప్రయోగాలు చేసినవాడు. ఆ కాలం అతనిని అర్థం చేసుకోలేదు. 1619లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పెద్ద ఇల్లు కొన్నాడు. అప్పులు తీర్చలేక 1631లో అమ్ముకున్నాడు. 1638 ప్రాంతంలో చనిపోయాడు. అతను గీసిన రేకులు యాభైకి పైగా ఉన్నా, వాటి నుంచి తీసిన ప్రతులు నేడు ప్రపంచమంతటా కలిపి రెండు వందలకు లోపే మిగిలాయి.

సేగర్స్ ఈ రేకు మీద గీసింది ఐగుప్తు ప్రయాణం కాదు. తోబియా, దేవదూతల ప్రయాణం. తోబీతు గ్రంథం మన కాథలిక్ సహోదరుల బైబిలులో ఉంది, ప్రొటెస్టెంటు బైబిలులో లేదు కాబట్టి కథ తెలియనివారి కోసం చెబుతున్నాము. చూపు పోయిన తండ్రి తన కుమారుణ్ణి దూరదేశానికి పంపుతాడు. తోడుగా వెళ్లిన అపరిచితుడు నిజానికి దేవదూత. దారిలో దొరికిన చేప పిత్తంతో తిరిగి వచ్చాక తండ్రికి చూపు వస్తుంది. సేగర్స్ కూడా దీనిని సొంతంగా ఊహించలేదు. రోములో ఉండి 1610లో చనిపోయిన ఆడమ్ ఎల్‌షైమర్ అనే జర్మను చిత్రకారుని బొమ్మను హెన్‌డ్రిక్ హౌట్ అనే డచ్చివాడు 1613లో రాగి మీద చెక్కాడు. సేగర్స్ దానిని చూసి, పరిసరాలను తనదైన రీతిలో మార్చి గీశాడు. తోబియా, దూత కుడివైపు పెద్దగా, బొమ్మంతా తామే అన్నట్టు నడిచేవారు.

సేగర్స్ పోయిన తరువాత ఆ రేకు చేతులు మారి రెంబ్రాంట్ వద్దకు వచ్చింది. ఆయన 1653 ప్రాంతంలో దానిమీద కూర్చుని, తోబియానూ దూతనూ గీకి, రుద్ది తీసేశాడు. ఆ స్థలంలో చెట్లు పెంచాడు. చెట్ల కింద చిన్నగా పరిశుద్ధ కుటుంబాన్ని నడిపించాడు. ఎడమవైపు సేగర్స్ గీసిన లోయను దాదాపు అలాగే ఉంచేశాడు. దూత రెక్క మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ రేకు మీద వంగి పనిచేస్తున్న మనిషి ఎవరు? రెంబ్రాంట్ పేరు విననివారు తక్కువ. ఆయన జీవితం మన ప్రసంగాల్లో ఉదాహరణగా వినిపించేటప్పుడు మాత్రం చాలాసార్లు సగమే వినిపిస్తుంది. తక్కిన సగం కూడా చెప్పుకోవడం న్యాయం.

రెంబ్రాంట్ 1606 జూలై 15న హాలండులోని లైడెన్ పట్టణంలో పుట్టాడు. అంతకు ముందటి ఏడే, మన పెద్దలు వలందావాళ్లు అని పిలిచిన ఆ డచ్చి వర్తకుల ఓడ మన మచిలీపట్నం రేవుకు వచ్చింది. తండ్రి హార్మెన్‌కు పిండిమర ఉండేది. తల్లి రొట్టెలు కాల్చే ఇంటి ఆడబిడ్డ. తల్లి వైపువారు కాథలిక్కులు, తండ్రి రిఫార్మ్‌డ్ సంఘానికి చెందినవాడు. కుమారుణ్ణి లాటిను బడిలో వేశారు, 1620లో లైడెన్ విశ్వవిద్యాలయంలో పేరు కూడా రాయించారు. కుర్రవాడి మనసు పుస్తకాల మీద కంటే బొమ్మల మీదే ఉంది. అదే ఊరిలో ఒక చిత్రకారుని దగ్గర మూడేళ్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ లాస్ట్‌మన్ దగ్గర ఆరు నెలలు పని నేర్చుకున్నాడు. బైబిలు ఘట్టాలను కథలాగా చెప్పడం లాస్ట్‌మన్ దగ్గర అబ్బిన విద్యే.

పాతికేళ్ల వయసులో ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. 1632లో డాక్టర్ టుల్ప్ శవపరీక్ష పాఠం చెబుతున్న చిత్రం వేసి ఊరంతా పేరు తెచ్చుకున్నాడు. 1634లో సాస్కియాను వివాహమాడాడు. కలిగిన ఇంటి పిల్ల, చిత్రాల వ్యాపారం చేసే ఉయిలెన్‌బుర్క్ బంధువు. 1639లో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు. చేతిలో అంత డబ్బు లేదు. వాయిదాల మీద తీరుస్తానని ఒప్పుకున్నాడు. వచ్చిన డబ్బంతా శంఖాలు, శిరస్త్రాణాలు, శిల్పాలు, రఫాయేలు, డ్యూరర్ వంటివారి అచ్చుబొమ్మలు కొనడానికి పోయేది. వేలంపాటలో ఆయన చెయ్యి ఆగేది కాదు.

ఆ ఇంటి లోపల దుఃఖం కూడా ఉంది. 1635లో పుట్టిన కొడుకు రెండు నెలలు బతికాడు. 1638లో పుట్టిన కూతురు మూడు వారాలు. 1640లో పుట్టిన ఇంకో కూతురు కూడా నెల తిరిగేసరికి పోయింది. 1641లో పుట్టిన టైటస్ ఒక్కడే దక్కాడు. మన బైబిలులో తీతు అని చదువుకునే పేరే అది. సాస్కియా అక్క టీటియా పేరు మీద పెట్టారు. మరుసటి ఏడు జూన్‌లో, ఇంకా ముప్పై నిండకుండానే, సాస్కియా కన్నుమూసింది. ఆమ్‌స్టర్‌డామ్ పాత గుడిలో, ఔడె కెర్క్‌లో, ఆమెను సమాధి చేశారు. ఆ సంవత్సరమే ఆయన తన పేరుపొందిన నైట్ వాచ్ చిత్రాన్ని ముగించాడు.

ఇక్కడ ప్రసంగాల్లో ఒక పొరపాటు దొర్లుతూ ఉంటుంది. నైట్ వాచ్‌ను వేయించుకున్నవారు అసహ్యించుకొని తిరస్కరించారనీ, ఆనాటి నుంచే ఆయన పతనం మొదలైందనీ చెబుతారు. అది కట్టుకథ. ఆ పటం గోడకెక్కింది, డబ్బు ముట్టింది. ఆయన పడిపోవడానికి కారణాలు వేరు. అవి చాలామట్టుకు ఆయన ఇంటిలోనే ఉన్నాయి.

తల్లిలేని టైటస్‌ను చూసుకోవడానికి హేర్టె డిర్క్స్ అనే విధవరాలు ఆ ఇంటికి వచ్చింది. కొంతకాలానికి ఆమె, రెంబ్రాంట్ భార్యాభర్తల్లా బతకసాగారు. సాస్కియా నగలు ఆమె చేతికి వచ్చాయి. తరువాత ఇంటిలో పనికి చేరిన హెన్‌డ్రిక్యె స్టోఫెల్స్ అనే యువతి వైపు ఆయన మనసు మళ్లింది. తనను పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి తప్పాడని హేర్టె 1649లో న్యాయస్థానానికి వెళ్లింది. ఏడాదికి 200 గిల్డర్లు ఆమె భరణం కింద ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆమె ఆ నగలు కుదువపెట్టినట్టు తెలియగానే రెంబ్రాంట్ చేసిన పని చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. అయినా చెప్పాలి. ఆమె నడత మంచిది కాదని ఇరుగుపొరుగు సాక్ష్యాలు పోగుచేయించి, 1650లో ఆమెను హౌడా పట్టణంలోని స్త్రీల దిద్దుబాటు గృహానికి పంపించడానికి చెయ్యి వేశాడు. ఖర్చు కూడా భరించాడు. ఐదేళ్లు ఆమె అక్కడ ఉంది. 1655లో స్నేహితురాళ్ల ప్రయత్నం వల్ల బయటపడింది. ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదు.

ఇప్పుడు ఆ రాగి రేకును మళ్లీ గుర్తు చేసుకోండి. 1653 ప్రాంతంలో రెంబ్రాంట్ తోబియానూ దూతనూ రుద్ది చెరిపేస్తున్న రోజుల్లో హౌడాలో హేర్టె గోడల మధ్య ఉంది. ఇంటి మీద బాకీ వడ్డీతో కలిసి ఎనిమిది వేల గిల్డర్లు దాటింది. అమ్మినవాడు గట్టిగా అడుగుతున్నాడు. ఇంగ్లండుతో యుద్ధం వచ్చి ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారం కుంగిపోయింది. స్నేహితుల దగ్గర, పెద్దమనుషుల దగ్గర చేబదుళ్లు తీసుకున్నాడు. అలాంటి సమయంలో, ఇల్లు నిలుపుకోలేక పోయిన ఒక పాత చిత్రకారుని రేకు మీద, ఇల్లు విడిచి చీకట్లో పారిపోతున్న ఒక కుటుంబాన్ని గీశాడు.

మరుసటి ఏడు 1654. ఆ ఏడాది హెన్‌డ్రిక్యె గర్భవతి. రిఫార్మ్‌డ్ సంఘపు పెద్దలు ఆమెను పిలిచారు. అనేకసార్లు పిలిచిన తరువాత జూలైలో ఆమె వారి ముందు నిలబడింది. చిత్రకారుడు రెంబ్రాంట్‌తో వివాహం లేకుండా కాపురం చేస్తున్నానని ఒప్పుకుంది. పెద్దలు ఆమెను గద్దించి, మారుమనస్సు పొందమని హెచ్చరించి, ప్రభువు బల్లకు దూరం చేశారు. శిక్ష ఆమెకే పడింది. ఆయన ఆ సంఘంలో సభ్యుడు కాడు కనుక సంఘపు చెయ్యి ఆయనను చేరలేదు.

ఆయన ఆమెను ఎందుకు పెళ్లి చేసుకోలేదు? ఒక కారణం డబ్బు. సాస్కియా తన ఆస్తిని టైటస్ పేర రాసి, రెంబ్రాంట్ మళ్లీ వివాహం చేసుకోనంత కాలం దాని ఫలం అనుభవించవచ్చని వీలునామాలో పెట్టింది. పెళ్లి చేసుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. అప్పుల్లో మునిగినవాడు అంత ధైర్యం చేయలేదు. ఆ పిరికితనానికి ధర కట్టింది మాత్రం హెన్‌డ్రిక్యె.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. పుట్టి పోయిన ఇద్దరు కూతుళ్ల పేరే, రెంబ్రాంట్ తల్లి పేరును బట్టి పెట్టిన కొర్నేలియా అనే పేరే, ఈ బిడ్డకూ పెట్టారు. అక్టోబరు 30న ఔడె కెర్క్‌లో, అంటే సాస్కియా నిద్రిస్తున్న గుడిలోనే, బిడ్డకు బాప్తిస్మం ఇచ్చారు. తల్లిని బల్లకు దూరం చేసిన సంఘమే బిడ్డను చేర్చుకుంది.

అదే సంవత్సరం రెంబ్రాంట్ ప్రభువు బాల్యం గురించి వరుసగా ఎచింగులు చేశాడు. దీపం వెలుగులో గొర్రెల కాపరులు. పశువుల పాకలో సున్నతి. యోసేపు, మరియ, బిడ్డ వాగు దాటడం. దేవాలయంలో బోధకుల మధ్య బాలుడు. వాటిలో మాకు అన్నిటికంటే నచ్చినది దేవాలయం నుంచి ఇంటికి తిరిగి వస్తున్న కుటుంబం. వెనక కొండలు, చెట్లు. మధ్యలో పన్నెండేళ్ల బాలుడు, అటొకరు ఇటొకరుగా తల్లిదండ్రులు. మూడు దినాలు వెదికి వెదికి కనుగొన్న బిడ్డను మళ్లీ తప్పిపోనివ్వం అన్నట్టు పట్టుకొని నడుస్తున్నారు. బాలుడు మాత్రం తల పైకెత్తి ఎటో చూస్తున్నాడు. ఇంటిలో ఒక స్త్రీ నిండు గర్భంతో, సంఘం ముందు తలవంచి వచ్చిన సంవత్సరంలో గీసిన బొమ్మలివి.

1656లో ఇక తట్టుకోలేక ఆస్తినంతా అప్పులవారికి అప్పగిస్తున్నట్టు న్యాయస్థానానికి చెప్పుకున్నాడు. జూలైలో గుమాస్తాలు వచ్చి గదిగదికీ తిరిగి పట్టిక రాశారు. 363 పద్దులు. శంఖాలు, కత్తులు, శిల్పాలు, సేగర్స్ వేసిన చిత్రాలు, ఒక పాత బైబిలు. 1658లో ఇల్లు 11,218 గిల్డర్లకు పోయింది. రోజెన్ కాలువ పక్కన అద్దె ఇంటికి మారారు. 1660 డిసెంబరులో హెన్‌డ్రిక్యె, టైటస్ కలిసి ఒక వ్యాపార సంస్థ పెట్టి, రెంబ్రాంట్‌ను అందులో పనివాడిగా చూపించారు. అలా అయితేనే ఆయన సంపాదన అప్పులవారి చేతికి పోకుండా ఉంటుంది. ఏ స్త్రీని ఆయన పేరు పెట్టి భార్యగా నిలబెట్టలేదో ఆ స్త్రీయే ఆయనకు అన్నం పెట్టి, నీడ ఇచ్చింది.

1662లో సాస్కియా సమాధి స్థలాన్ని కూడా అమ్ముకోవలసి వచ్చింది. 1663లో హెన్‌డ్రిక్యె చనిపోయింది. 1668లో టైటస్ పెళ్లి చేసుకున్నాడు. ఏడు నెలలకే అతనూ పోయాడు. ఆ రోజుల్లోనే రెంబ్రాంట్ తప్పిపోయిన కుమారుని తిరిగి రాక చిత్రం వేశాడు. నేడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అరిగిన చెప్పులు, గుండు చేసిన తల, వీపు మీద చేతులు వేసిన ముసలి తండ్రి. 1669 అక్టోబరు 4న రెంబ్రాంట్ మరణించాడు. వెస్టర్‌కెర్క్ అనే గుడిలో అద్దె సమాధిలో పెట్టారు. అప్పటికి అసంపూర్తిగా మిగిలిన చిత్రంలో చూపు మసకబారిన సుమెయోను పసిబిడ్డను చేతుల్లో ఎత్తుకొని ఉన్నాడు. కూతురు కొర్నేలియా మరుసటి ఏడు పెళ్లి చేసుకొని సముద్రం దాటి బతావియా వెళ్లింది. అక్కడ పుట్టిన ఇద్దరు కుమారులకు రెంబ్రాంట్, హెన్‌డ్రిక్ అని పేర్లు పెట్టింది. తండ్రి పేరు ఒకరికి, బల్లకు దూరమైన తల్లి పేరు ఒకరికి.

ప్రియ పాఠకులారా, ఈ జీవితాన్ని మేము ఎందుకు ఇంత వివరంగా రాశాము? ఒక కారణం మా వృత్తికి సంబంధించినది. ఈ పుటల్లో మేము ఎందరో భక్తుల చరిత్రలు ప్రచురించాము. రాసేటప్పుడు మేము కూడా ఆ ఇనుప పనిముట్టు పట్టుకొని కూర్చుంటాము. ఇది ఎవరికీ తెలియనవసరం లేదు, ఇది సాక్ష్యానికి అడ్డు అనుకుంటూ రుద్దుతాము. చివరికి మిగిలేది నున్నటి రేకు. దాని మీద సిరా నిలవదు. అలాంటి చరిత్ర చదివిన యువకుడు, తన జీవితంలో గీతలు చూసుకొని, ఈ భక్తి తన వంటివాడికి కాదని పక్కన పెట్టేస్తాడు. పరిశుద్ధ గ్రంథం అలా రాయలేదు. దావీదు గురించి రాసినవారు ఊరియా పేరును వదిలివేయలేదు. మత్తయి సువార్త మొదటి పుటలోనే, ప్రభువు వంశావళిలోనే, ఆ పేరు ఉంచింది.

అలాగని రెంబ్రాంట్ గొప్ప బొమ్మలు వేశాడు కనుక హేర్టె కన్నీళ్లు లెక్కలోకి రావని అనకూడదు. ప్రతిభ పాపానికి మందు కాదు. మన సంఘాల్లో బాగా పాడేవారికీ, బాగా ప్రసంగించేవారికీ ఈ మినహాయింపు ఇవ్వడం మనకు అలవాటైంది. వరం ఉన్నవాడి ఇంటిలో జరిగే అన్యాయాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటాము. హౌడాలో గడిచిన ఆ ఐదేళ్లను ఏ చిత్రమూ తుడవలేదు.

రెండో కారణం మరీ దగ్గరిది. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాము. చాలా ఏళ్ల క్రితం, పరిచర్యలో కొత్తగా ఉన్నప్పుడు, ఒక సంఘ కమిటీలో మేమూ కూర్చున్నాము. పెళ్లి కాకుండా గర్భవతి అయిన ఒక అమ్మాయిని పిలిచారు. ఆమె వచ్చింది, ఒప్పుకుంది, తలవంచి నిలబడింది. బల్లకు దూరం చేస్తూ తీర్మానం రాశాము. ఆ అబ్బాయి వేరే సంఘం వాడు, మా రిజిస్టరులో లేడు అన్నారు, అక్కడితో అతని మాట ముగిసిపోయింది. తీర్మానం కింద మా సంతకం కూడా ఉంది. క్రమశిక్షణ జరిగింది, నియమావళి ప్రకారమే జరిగింది. ఆమె మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఆమె వెనకాల వెళ్లినవారు మాలో ఎవరూ లేరు. 1654లో ఆమ్‌స్టర్‌డామ్ పెద్దలు హెన్‌డ్రిక్యె గురించి చేసిన తీర్మానం సంగతి మొదటిసారి చదివిన రోజున మాకు ఆ గది, ఆ బల్ల, ఆ రిజిస్టరు కళ్ల ముందుకు వచ్చాయి.

సంఘంలో క్రమశిక్షణ ఉండకూడదని మేము అనడం లేదు. పాపాన్ని పాపమని చెప్పని సంఘం ఎవరినీ స్వస్థపరచలేదు. మేము అంటున్నది రెండే మాటలు. తీర్పు ఇద్దరికీ ఒకటిగా ఉండాలి. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని ప్రభువు ముందుకు ఈడ్చుకొచ్చినవారు కూడా పురుషుణ్ణి తీసుకురాలేదని మనం మరచిపోకూడదు. ఇక, దూరం చేసిన ప్రతి తీర్మానం పక్కన, తిరిగి ఎలా చేర్చుకుంటామో, ఎవరు వెళ్లి పిలుస్తారో కూడా రాసి ఉండాలి. తలుపు మూయడం ఒక సాయంకాలపు పని. తలుపు దగ్గర కనిపెట్టుకొని ఉండడం ఏళ్ల తరబడి పని. తప్పిపోయిన కుమారుని తండ్రి చేసింది ఆ రెండో పని.

ఇప్పుడు మళ్లీ ఆ రెక్క దగ్గరకు వద్దాము. దానిని చూసి మొదట మేము అనుకున్నది, పని సగంలో వదిలేశాడని. తరువాత మత్తయి సువార్త రెండో అధ్యాయం చదివితే ఒక సంగతి తట్టింది. యోసేపును ఐగుప్తుకు పంపినది కలలో కనిపించిన ప్రభువు దూతే కదా. ఇంకొక కథకు చెందిన రెక్క, చెరపబడిన బొమ్మలో మిగిలిపోయిన రెక్క, ఈ కథలో పారిపోతున్న కుటుంబం మీద కప్పుగా నిలిచింది. రేకు పాతది, గీతలు పాతవి, వాటి నడుమ వెళ్తున్న రక్షకుడు మాత్రం కొత్తగా వచ్చినవాడు.

మన జీవితాలు కూడా కొత్త రేకులు కావు. దేవుడు మనలను పారవేసి వేరొకటి తీసుకోలేదు. ఉన్న రేకునే చేతిలోకి తీసుకున్నాడు. ఆయన క్షమించినా కొన్ని గీతలు మిగులుతాయి. మనవల్ల గాయపడినవారి జీవితాల్లో మరీ లోతుగా మిగులుతాయి. వాటిని చెట్ల కింద దాచడం మారుమనస్సు కాదు. ఉన్నాయని ఒప్పుకొని, వెళ్లి సమాధానపడవలసినవారి దగ్గరకు వెళ్లడమే మారుమనస్సు. ఈ వ్యాసం ముగించే ముందు మేమూ ఒక పని పెట్టుకున్నాము. ఆ అమ్మాయి, ఇప్పుడు నడివయసు తల్లి, ఏ ఊరిలో ఉందో వాకబు చేశాము. వచ్చే వారం వెళ్తున్నాము. క్షమాపణ అడగడానికే, మరి దేనికీ కాదు. ఆమె తలుపు తీస్తుందో లేదో ఆమె ఇష్టం. మా కోసం ప్రార్థించండి.

మీ సంఘపు పాత రిజిస్టరులో కూడా ఎక్కడో ఒక కొట్టివేసిన పేరు ఉండవచ్చు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా పెద్ద ఆ పుట తెరిచి, ఆ పేరు ఎవరిదో, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో అడిగితే మా ప్రయాస వ్యర్థం కాలేదని అనుకుంటాము. చీకటి దారిలో చిన్న కుటుంబాన్ని కాపాడి నడిపించిన దేవుడు, మనం దూరం చేసినవారిని కూడా కాపాడి, వారి దగ్గరకు మనలను నడిపించును గాక. ఆమేన్.